గ్వానహ్వాతో: ఏటి అడుగున వీధి, వీధి మీద ఊరు

ఫోన్‌లో నీలం చుక్క హోటల్ గుమ్మం ముందే ఉంటుంది. తలెత్తి చూస్తే రెండు పక్కలా రాతి గోడలు, పైన కమాను, పక్క నుంచి దూసుకుపోయే బస్సులు. హోటల్ మాత్రం ఎక్కడా కనబడదు. మెక్సికోలోని గ్వానహ్వాతో నగరానికి తొలిసారి వచ్చిన చాలామందికి ఎదురయ్యే తికమక ఇది. మ్యాప్ అబద్ధం చెప్పలేదు. హోటల్ అక్కడే ఉంది, కాకపోతే నెత్తి మీద ఉంది. ఈ ఊళ్లో వీధుల కింద ఇంకో వీధి ఉంది. దానికి సొరంగాలు, సొరంగాలకు కూడళ్లు, భూమి కింద బస్టాపులు కూడా ఉన్నాయి.

పర్యాటకుల కోసం చేసిన వింత కాదిది. వందల ఏళ్ల వెండి తవ్వకం ఒక ఏటిని పాడుచేసింది. ఆ ఏరు ఊరిని ముంచింది. ముంపు తప్పించుకోవడానికి చేసిన పనులే చివరికి రోడ్డయ్యాయి. ఈ వరస తెలిస్తే ఊరు దారికొస్తుంది. తెలియకపోతే రంగురంగుల ఇళ్ల ఫొటోలే మిగులుతాయి.

గళ్లు గీయని ఊరు

స్పెయిన్ పాలనలో మెక్సికోలో కట్టిన నగరాలు చాలావరకు గళ్ల కాగితంలా ఉంటాయి. మధ్యలో చౌకు, దానికి ఒక పక్క చర్చి, ఇంకో పక్క పాలనా భవనం, అక్కడి నుంచి నిటారుగా సాగే వీధులు. 1531లో మొదలైన ప్యూబ్లా దీనికి చక్కని నమూనా. 1573లో రెండో ఫిలిప్ రాజు ఇచ్చిన శాసనాలు ఈ పద్ధతినే నియమంగా రాశాయి.

గ్వానహ్వాతో ఆ లెక్కలోకి రాదు. 1548లో ఇక్కడి కొండల్లో వెండి జాడ దొరికింది. జనం ఖనిజం వెంట వచ్చారు, ఎక్కడ చోటు దొరికితే అక్కడ గుడిసె వేశారు. ఇరుకైన లోయ, అడుగున ఏరు, రెండు పక్కలా నిలువెత్తు వాలు. గాడిద నడవగలిగిన చోట దారి పడింది, నడవలేని చోట మెట్లు పడ్డాయి. సకాతెకాస్, తాస్కో లాంటి ఇతర గని ఊళ్లూ ఇంతే. గ్వానహ్వాతోకు నగర హోదా వచ్చింది 1741లో. అప్పటికే దాని ఆకారం స్థిరపడిపోయింది, దాన్ని సరిదిద్దే వీలు ఎవరికీ లేకపోయింది.

ముద్దుల సందు అని పేరుపడ్డ కయ్యెహోన్ దెల్ బెసో ఆ రోజుల ఇరుకుకు మిగిలిన సాక్ష్యం. బాగా సన్నని చోట దాని వెడల్పు 68 సెంటీమీటర్లు. ఎదురెదురు బాల్కనీల్లోంచి ప్రేమికులు ముద్దు పెట్టుకున్నారన్న కథకు ఇంతకు మించిన ఆధారం లేదు. ఫొటో కోసం నిలబడే వరస మాత్రం పొడుగ్గానే ఉంటుంది.

వెండి తీయడానికి ఏరే ఎందుకు కావాల్సి వచ్చింది

ఈ ఊరి ముడి మొత్తం ఇక్కడే ఉంది. కొండలోంచి తవ్విన రాయిలో వెండి కంటికి కనిపించేటంత ఉండదు. నాణ్యమైన రాయిని కొలిమిలో కరిగించవచ్చు, కానీ దానికి కట్టెలు విపరీతంగా కావాలి. తక్కువ రకం రాయికి ఆ ఖర్చు గిట్టదు. 1554 ప్రాంతంలో పచూకా గనుల దగ్గర బార్తొలొమే దె మెదీనా అనే వ్యాపారి పాదరసంతో వెండి తీసే పద్ధతిని పెద్ద ఎత్తున అమల్లో పెట్టాడు. ఆ పని ఆరుబయట రాతి పరుపు వేసిన వాకిట్లో జరిగేది కాబట్టి దానికి పాతియో పద్ధతి అని పేరు.

పని ఇలా సాగేది. రాయిని ముందు దంచి, తర్వాత కంచర గాడిదలు తిప్పే రాతి గానుగల్లో నీళ్లు పోస్తూ మెత్తటి బురదగా నూరతారు. ఆ బురదను వాకిట్లో మందంగా పరుస్తారు. దాంట్లో ఉప్పు, కాల్చిన రాగి ఖనిజం, చివరగా పాదరసం కలుపుతారు. ఆ మీదట గాడిదలతో వారాల తరబడి తొక్కిస్తారు. ఎండ బాగా ఉంటే త్వరగా తేలుతుంది, చలికాలంలో రెండు నెలలు పట్టినా పట్టొచ్చు. వెండి పాదరసంలో కలిశాక బురదను తొట్లలో నీళ్లతో కడుగుతారు. బరువైన వెండి-పాదరసం ముద్ద అడుగున దిగుతుంది, తేలికైన బురద నీళ్లతో పోతుంది. ముద్దను వేడిచేస్తే పాదరసం ఆవిరై వెండి మిగులుతుంది. ఆవిరయిన దాన్ని ఎంత పట్టినా, కిలో వెండికి సుమారు కిలోన్నర పాదరసం నష్టమయ్యేది.

పాదరసం అమ్మకం స్పెయిన్ రాజు గుత్తాధిపత్యం. అది ప్రధానంగా స్పెయిన్‌లోని అల్మదేన్ గని నుంచి సముద్రం దాటి రావాలి. యుద్ధం వచ్చి ఓడలు ఆగితే ఇక్కడ కొండ నిండా ఖనిజం ఉన్నా వెండి ఆగిపోయేది.

ఇందులో నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో గమనించండి. నూరడానికి నీళ్లు, కడగడానికి నీళ్లు. అందుకే వెండి తీసే వాడలన్నీ ఏటి ఒడ్డునే వెలిశాయి. వాటిని హసియెందాలు అనేవారు, అంటే ఇక్కడ పొలాల ఎస్టేట్ కాదు, కర్మాగారం. ఊరి దిగువన మర్ఫిల్ దగ్గర సాన్ గబ్రియేల్ దె బర్రేరా ఇప్పుడు తోటల మ్యూజియం. ఒకప్పుడు అదీ ఖనిజం నూరిన చోటే. కడిగిన బురద అంతా ఏట్లోకే పోయేది. వంటచెరకు కోసం, గనుల్లో ఊతకర్రల కోసం కొండల మీది చెట్లు నరికేశారు కాబట్టి వానకు మట్టి కూడా తోడయ్యేది. ఏటా కొంత కొంత చొప్పున ఏటి అడుగు పైకి లేచింది.

ఈ వెండి ఎక్కడికి పోయింది అన్న ప్రశ్నకు తెలుగు తీరం కూడా ఒక జవాబు. మెక్సికో నగరంలో ఎనిమిది రియాళ్ల నాణేలుగా ముద్రించిన వెండి ఒక దారిన అకపుల్కో నుంచి మనీలాకు, ఇంకో దారిన స్పెయిన్ మీదుగా యూరప్ వ్యాపారుల చేతుల్లోకి వెళ్లేది. మచిలీపట్నం రేవులో అద్దకపు బట్టలు కొనడానికి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు తెచ్చిన వెండిలో స్పానిష్ అమెరికా గనులదీ ఉంది. అందులో గ్వానహ్వాతో వాటా ఎంతో తేల్చలేం. నాణెం మీది గుర్తు ముద్రించిన టంకశాలను చెబుతుంది, గనిని చెప్పదు.

ఏరు పైకి, దాంతో ఊరూ పైకి

ఏటి అడుగు లేచాక వాన పడిందంటే నీళ్లు వీధుల్లోకే. 1760లో, 1780లో పెద్ద వరదలు వచ్చాయి. జనం ఊరు వదల్లేదు, వెండి అక్కడే ఉంది మరి. పాత గోడల మీదే కొత్త గోడలు లేపి, నేల ఎత్తు పెంచుకున్నారు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఊరి నడిబొడ్డున హార్దీన్ దె లా ఉనియోన్ అనే చిన్న తోట పక్కన సాన్ దియెగో చర్చికి వెళ్లాలి. చర్చి ముందు నుంచి కిందికి మెట్లు దిగితే పాత సన్యాసుల మఠం గదులు, కమానులు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ మఠం నేలే ఊరి నేల. 1780 వరద తర్వాత దాన్ని పూడ్చి, పైన కొత్తది కట్టారు. పైన టీ బల్లలు, బ్యాండు మేళం, పావురాలు. ఆ సందడి కిందే పాత ఊరు ఉంది. మ్యూజియం చిన్నది, చాలామంది దాటేసి పోతారు. నా లెక్కలో మాత్రం మమ్మీల మ్యూజియం కన్నా ముందు చూడాల్సింది ఇదే.

ఎత్తు పెంచడం వల్ల సమస్య తీరలేదు. 19వ శతాబ్దం చివర్లో ఇంజినీరు పొన్సియానో అగిలార్ ఆధ్వర్యంలో ఏటిని పక్కకు మళ్లించే సొరంగం పని సాగింది. అది పూర్తికాకముందే 1905 జులై 1న ఊరు మళ్లీ మునిగింది. సొరంగం 1908లో సిద్ధమైంది. ఇప్పుడు దాన్ని ఎల్ క్వాహీన్ అంటారు. తవ్వడం ఈ ఊరికి కొత్త కాదు. గనుల్లో పనిచేసే చేతులే ఇక్కడా పనికొచ్చాయి.

ఏరు దారి మళ్లాక ఊరి మధ్యలో పాత ఏటి గర్భం ఖాళీగా మిగిలింది. 20వ శతాబ్దం మధ్యలో కార్లు పెరిగి, పైవీధులు ఇరుకై ఊపిరాడనప్పుడు దాన్నే రాళ్లు పరిచి రోడ్డు చేశారు. సుమారు 3 కిలోమీటర్ల ఈ భూగర్భ వీధి 1960ల్లో వాడకంలోకి వచ్చింది. తర్వాత కొండల్లోంచి నేరుగా తవ్విన సొరంగాలు దానికి కలిశాయి.

కాబట్టి రెండు రకాలున్నాయి, వీటిని కలిపేయకూడదు. భూగర్భ వీధి నిజానికి తవ్వింది కాదు, పాత ఏరు. అందుకే అది వంకర్లు తిరుగుతుంది, అక్కడక్కడా పైన ఆకాశం కనిపిస్తుంది, ఇళ్ల బాల్కనీలు నెత్తి మీద వేలాడతాయి. సొరంగాలు మాత్రం కొండను తొలిచినవి, దాదాపు తిన్నగా ఉంటాయి. గోడ రాళ్లను, వంపును చూస్తే తేడా తెలుస్తుంది.

మ్యాప్ ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది: ఒక ఉదాహరణ

దూరప్రాంతాల బస్సులు ఆగే స్టాండు ఊరి బయట, కేంద్రానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ సెంత్రో అని రాసున్న సిటీ బస్సు ఎక్కారనుకుందాం. దిగాల్సింది హార్దీన్ దె లా ఉనియోన్ దగ్గర. బస్సు ఒక చోట భూగర్భంలోకి దిగుతుంది, సిగ్నల్ పోతుంది, చుక్క పాత చోటే ఆగిపోతుంది. కాసేపటికి బస్సు చీకట్లో ఆగుతుంది. ఇక్కడ ఏముంటుందిలే అని కూర్చుంటే ఊరు దాటిపోతారు. ఆ చీకటి బస్టాపులోనే దిగి, గోడ పక్క మెట్లు ఎక్కితే చౌకులో తేలతారు. ఫోన్ చూపే దూరం కన్నా డ్రైవర్‌ను ముందే అడిగి పెట్టుకోవడం నయం.

రెండో లెక్క ఎత్తుది. హ్వారెస్ నాటకశాల వెనక కొండ మీద, 1810 తిరుగుబాటు కథలోని పీపిలా అనే గని కూలీ విగ్రహం ఉంది. మ్యాప్‌లో రెండూ పక్కపక్కనే. మెట్ల సందుల్లో ఎక్కితే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, మధ్యలో ఆయాసం తీర్చుకోవడం అదనం. నాటకశాల వెనక నుంచే వెళ్లే పట్టాల బండి అయితే రెండు మూడు నిమిషాల పని. నగరం సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ కన్నా కొంచెం తక్కువ. మొదటి రోజు మెట్లు బరువనిపించడానికి కారణం వయసొక్కటే కాదు.

చక్రాల సూట్‌కేసు ఇక్కడ పనికిరాదు. గది ఖాయం చేసేముందు అడగాల్సింది గది ఎంత బాగుందని కాదు, కారు ఆగే చోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లని.

కలోనియల్ ఏది, అలా కనిపించేది ఏది

న్యూ స్పెయిన్ వైస్రాయి పాలన 1535 నుంచి 1821 దాకా. ఆ కాలపు కట్టడాలను కలోనియల్ అంటున్నాం. మెక్సికో చరిత్రకారుల్లో కొందరు ఈ మాటను ఇష్టపడరు, వైస్రాయి కాలం అనాలంటారు. చట్టం దృష్టిలో న్యూ స్పెయిన్ రాజు కింది రాజ్యాల్లో ఒకటి, వలస కాదు అన్నది వాళ్ల వాదన. చట్టం ఏమన్నా, వెండిలో రాజుగారి వాటా, పాదరసం గుత్త, సముద్రం దాటిపోయిన సంపద చూస్తే వలసే అన్నది రెండో పక్షం.

పర్యాటకుడికి మాత్రం ఇంకో చిక్కు ఉంది. కలోనియల్ అనుకుని ఫొటో తీసేవాటిలో చాలా భాగం ఆ కాలానివి కావు. బసిలికా అనే పసుపు రంగు పెద్ద చర్చి 17వ శతాబ్దానిది, అది సరే. జెసూట్లు అనే క్యాథలిక్ సంఘం వారి లా కొంపానియా చర్చి 1765లో పూర్తయింది, రెండేళ్లకే, 1767లో, రాజు జెసూట్లను దేశం నుంచే వెళ్లగొట్టాడు. వలెన్సియానా చర్చి 1788 నాటిది. ఇవన్నీ అసలైనవే. హ్వారెస్ నాటకశాల అలా కాదు. 1903లో పోర్ఫిరియో దియాస్ అధ్యక్షుడిగా ఉండగా ప్రారంభమైంది. స్తంభాలు గ్రీకు తరహావి, లోపలి అలంకారం మూరిష్ తరహాది, అంటే ఒకప్పటి స్పెయిన్ ముస్లింల శైలి. పైన కళాదేవతల విగ్రహాలు లెక్కపెడితే ఎనిమిదే ఉంటాయి, గ్రీకు పురాణంలో తొమ్మిది. ఇదాల్గో మార్కెట్ 1910 నాటి ఇనుప కట్టడం. పోస్టుకార్డుల మీద కనిపించే యూనివర్సిటీ తెల్ల భవనం, ఆ పొడవాటి మెట్లతో సహా, 1950ల్లో పూర్తయింది.

1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఊరినొక్కదాన్నే కాదు, చుట్టుపక్కల గనులతో కలిపి.

గనుల విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి. ఇక్కడి కార్మికుల్లో ఎక్కువమంది కూలి డబ్బులకు వచ్చినవాళ్లు, ఇప్పటి బొలీవియాలోని పొటోసీ గనుల్లా వంతుల వెట్టి కాదు అన్నది ఒకటి. అది నిజమే. అయితే 1803లో ఇక్కడికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ వలెన్సియానా గనిలో చూసింది వీపు మీద 100 కిలోలు దాటిన మూటలు మోస్తూ వేల మెట్లు ఎక్కే మనుషుల్ని. గని యజమానికి కౌంటు బిరుదు వచ్చింది, కొండ మీద బంగారు రేకుల బలిపీఠాలతో చర్చి వెలిసింది. ఆ చర్చిలో నిలబడ్డప్పుడు ఈ రెండు మాటలూ గుర్తుండాలి.

పీపిలా ఉన్నాడా?

1810 సెప్టెంబర్ 28న స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ ఫాదర్ మిగెల్ ఇదాల్గో దళం ఊరి మీద పడింది. స్పెయిన్ తరఫు స్థానిక పాలకుడు రియాన్యో, ఊళ్లోని స్పానియార్డులు కొత్తగా కట్టిన ధాన్యాగారంలో, అంటే అలోందిగా దె గ్రనాదితాస్‌లో, తలదాచుకున్నారు. గోడలు కోటలాంటివి, కిటికీలు చిన్నవి. కథ ప్రకారం పీపిలా అనే గని కూలీ వీపుకు రాతి పలక కట్టుకుని, తూటాలు దానికి తగులుతుండగా పాకుతూ వెళ్లి చెక్క తలుపుకు నిప్పంటించాడు. తర్వాత లోపల జరిగింది ఊచకోత.

ఈ కథను ప్రచారంలో పెట్టింది చరిత్రకారుడు బుస్తమాంతె. ఆ రోజు ఊళ్లోనే ఉన్న యువకుడు లుకాస్ అలమాన్ పెద్దయ్యాక చరిత్ర రాసి, ఇది కల్పన అన్నాడు. ఇదాల్గో అప్పుడు అక్కడికి దూరంగా ఉన్నాడని, అలాంటి కూలీతో మాట్లాడే అవకాశమే లేదని అతని వాదన. అలమాన్ తిరుగుబాటుకు గట్టి వ్యతిరేకి, ధనిక గని కుటుంబం వాడు, ఆ సంగతీ లెక్కలోకి తీసుకోవాలి. పీపిలాను నమ్మేవాళ్లు సాన్ మిగెల్ ఊరివాడైన హువాన్ హొసే దె లోస్ రెయెస్ మర్తీనెస్ అనే గని కార్మికుణ్ణి చూపిస్తారు. తలుపు కాలిందన్నది అందరూ ఒప్పుకునేదే. ఒక్కడే కాల్చాడా అన్నదే తేలనిది.

ఓటమి తర్వాత ఇదాల్గో, అయ్యెందె, అల్దామా, హిమెనెస్‌ల తలలను ఇనుప పంజరాల్లో ఈ భవనం నాలుగు మూలలా వేలాడదీశారు. 1811 నుంచి 1821 దాకా అవి అలాగే ఉన్నాయి. ఆ మూలల్లో ఇప్పుడు వాళ్ల పేర్లు కనిపిస్తాయి. భవనం మ్యూజియమైంది.

మమ్మీలు: ప్రదర్శనా, అవమానమా?

ఇవి ఈజిప్టువి లాంటివి కావు, ఎవరూ లేపనం పూయలేదు. సాంత పౌలా శ్మశానంలో శవపేటికలను గోడ గూళ్లలో పెట్టి మూసేవారు. శాశ్వతంగా ఉంచాలంటే బంధువులు రుసుం కట్టాలి. కట్టకపోతే గూడు ఖాళీ చేస్తారు. 1865లో అలా తీసినప్పుడు ఫ్రెంచి వైద్యుడు రెమీహియో లెరోయ్ దేహం కుళ్లకుండా ఎండిపోయి దొరికింది. పొడి గాలి, గాలి చొరబడని గూడు కలిసి చేసిన పని అది. తర్వాత 1958 వరకు ఇలాంటివి 100కు పైగా బయటపడ్డాయి.

నగర పాలన దృష్టిలో మమ్మీలు ఊరికి గుర్తింపు, ఆదాయం. ఇక్కడ మమ్మీ ఆకారంలో బెల్లం మిఠాయి కూడా అమ్ముతారు. దేశపు పురావస్తు, చరిత్ర సంస్థ (INAH) మాత్రం భద్రపరిచే తీరు మీద పలుసార్లు అభ్యంతరం చెప్పింది. 2023లో ప్రదర్శనకు తీసుకెళ్లిన మమ్మీ మీద బూజు కనిపిస్తోందని హెచ్చరించింది. 2024లో మ్యూజియం మరమ్మతుల్లో ఒక మమ్మీ చెయ్యి ఊడిందని తప్పుపట్టింది. వీళ్లు ఎప్పటివాళ్లో తెలియని రాజులు కాదు, రుసుం కట్టలేని కుటుంబాల పెద్దలు. చూడాలా వద్దా అన్నది వెళ్లేవారి ఇష్టం. పిల్లలతో వెళ్లేవాళ్లు పసికందుల దేహాలు కూడా ఉన్నాయని ముందే తెలుసుకోవాలి.

వార్తల్లో వినే గ్వానహ్వాతో

కాల్పుల వార్తల్లో వచ్చే గ్వానహ్వాతో ఎక్కువగా రాష్ట్రం. 60 లక్షలకు పైగా జనాభా ఉన్న ఆ రాష్ట్రానికి రాజధాని ఈ నగరం, దీని జనాభా 2 లక్షలకు లోపే. ఇంధన దొంగతనం, ముఠా తగాదాలతో హత్యలు ఎక్కువైనవి సెలాయా, సాలమాంకా, ఇరపువాతో వంటి పారిశ్రామిక పట్టణాల వైపు. అమెరికా ప్రభుత్వ హెచ్చరిక మాత్రం రాష్ట్రం మొత్తం పేరున వస్తుంది. రాజధాని వేరు అన్నది నిజమే, అయితే మెక్సికో నగరం నుంచి రోడ్డున వస్తే సాధారణంగా ఆ పట్టణాల మీదుగానే రావాలన్నదీ నిజమే. అందుకే రాత్రిపూట సొంతంగా కారు నడపడం కన్నా పగటి బస్సు మేలు. మెక్సికో నగరం ఉత్తర బస్టాండు నుంచి సుమారు 5 గంటలు పడుతుంది. విమానాశ్రయం సిలావో దగ్గర ఉంది, అక్కడి నుంచి టాక్సీలో అరగంట పైచిలుకు.

వీసా, తిండి, అక్టోబరు గదులు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంగెన్ వీసా ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. అమెరికాలోని తెలుగువాళ్లకు తగిలే మెలిక వేరు. హెచ్-1బీ పొడిగింపు కాగితం చేతిలో ఉండి, పాస్‌పోర్టులో స్టాంపు గడువు దాటితే మెక్సికో లెక్కలో అది వీసా కాదు. 30 రోజుల్లోపు మెక్సికో నుంచి తిరిగొచ్చేవారిని, ఐ-94 అనే ప్రవేశ పత్రం గడువు ఉంటే, పాత స్టాంపుతోనే రానిచ్చే నియమం అమెరికాది. ఆ నియమం తిరిగి రావడానికే, మెక్సికోలో అడుగు పెట్టడానికి కాదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ గొడవ లేదు. టికెట్టు కొనేముందు మెక్సికో కాన్సులేట్ తాజా నిబంధన చూసుకోవాలి.

శాకాహారులకు ఇక్కడి గని కూలీల వంటకం ఎన్చిలాదాస్ మినేరాస్ దగ్గరి దారి. ఎండుమిర్చి రసంలో ముంచిన మొక్కజొన్న రొట్టెలో జున్ను పెట్టి, పైన వేయించిన బంగాళాదుంప, క్యారెట్ వేస్తారు. కోడి వద్దని విడిగా చెప్పాలి. మాంసం వద్దంటే కోడి కూడా వద్దనే అర్థం ఇక్కడ అందరికీ రాదు. చిక్కుడు ముద్దలో పందికొవ్వు, అన్నంలో కోడిరసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ రెండూ అడిగి తినాలి.

అక్టోబరులో సెర్వాంతీనో ఉత్సవం జరుగుతుంది. 1953లో విద్యార్థులు సాన్ రోకె చౌకులో ఆడిన చిన్న నాటకాల నుంచి పెరిగి 1972లో అంతర్జాతీయ ఉత్సవమైంది. ఆ రోజుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి, రాత్రి నిద్ర మీద ఆశ పెట్టుకోకూడదు. వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా.

ఒక్క రోజే చేతిలో ఉంటే, ఖనిజం దిగిన దారినే దిగడం అన్నిటికన్నా తేలిక. పొద్దున్నే అలోందిగా దగ్గర బస్సెక్కి కొండ మీది వలెన్సియానా చర్చికి, దాని దగ్గరి పాత గని ద్వారానికి. అక్కడి నుంచి తిరిగి అలోందిగాకు, మధ్యాహ్నం మార్కెట్‌లో భోజనం, సాన్ దియెగో కింది మఠం, చివరగా భూగర్భ వీధిలో నడక. మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి. ఆ రోజు వస్తే కొండా, సొరంగమే మిగులుతాయి.